తలా ఒక ప్లేటు

టీ బండి ముందు చక్రాల్లో ఒకటి ఎప్పుడూ గోడవైపే లాగుతుంది. కొత్తవాళ్ళు తోస్తే తలుపుల రంగు గీరుకుపోవడం ఖాయం. ఎల్సీ మాత్రం ఎడమ తుంటిని బండికి ఆనించి, చేతులతో కాకుండా ఒళ్ళంతటితో తోస్తుంది. ఏళ్ళ తరబడి అలా తోసి తోసి ఆమె నడకే ఒక పక్కకి ఒరిగిపోయింది. బజారులో ఉత్త చేతులతో నడుస్తున్నా కనపడని బండినేదో తోసుకుపోతున్నట్టే ఉంటుంది.

యారమ్‌బీ ఆస్పత్రి చిన్నది. ముందువైపు నాలుగైదు గదులు రోగులకి. వెనక, గోధుమ గాదెలవైపు తిరిగి ఉన్న పొడుగాటి వరండా వార్డు ముసలివాళ్ళకి. ముందు గదుల్లోకి వచ్చినవాళ్ళు నయమై ఇంటికైనా పోతారు, నయం కాక అంబులెన్సులో పెద్దూరికైనా పోతారు. వెనక వార్డులోకి వచ్చినవాళ్ళు ఇక ఎక్కడికీ పోరు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. టీ మాత్రం అందరికీ ఒకటే.

ఎల్సీ పొట్టి మనిషి, వెడల్పు మనిషి. మణికట్లు మగవాడి మణికట్లంత లావు. లేత నీలం గౌను మీద తెల్లటి ఏప్రను, కాళ్ళకి ఉబ్బిన నరాలు కనపడకుండా బిగుతు మేజోళ్ళు. నెరిసిన జుట్టుని చెవుల వెనక రెండేసి పిన్నులతో అణిచిపెడుతుంది. ముఖం చూసి సంతోషంగా ఉందో దిగులుగా ఉందో చెప్పడం కష్టం. కోపం మాత్రం తెలుస్తుంది, ముక్కు ఎర్రబడుతుంది.

"ఎలా ఉన్నారు?" అంటూ ప్రతి గుమ్మంలోనూ బండి ఆపుతుంది.

"ఫర్వాలేదు," అంటారు లోపలివాళ్ళు.

కాలు తీసేసిన కట్లర్ గారు ఫర్వాలేదంటాడు. రాత్రంతా దగ్గి దగ్గి నీలంగా మారిన ఆడమనిషి ఫర్వాలేదంటుంది. ఊళ్ళోనూ అంతే. వాన మొహం చాటేసి పైరంతా ఎండిపోయిన ఏడు కూడా రైతులు ఒకరికొకరు ఫర్వాలేదనే చెప్పుకున్నారు. ఎల్సీ ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేర్చుకున్న మొదటి మాటల్లో అదొకటి. ఎంత ఏడుపునైనా, ఎంత ఆనందాన్నైనా అందులో పెట్టి మూత పెట్టెయ్యొచ్చు.

వార్డు చివరి గది నోలాది. ఈ వారంరోజులుగా ఎల్సీ అక్కడికి వచ్చేసరికి బండిని కాస్త నెమ్మదిగా తోస్తోంది. ముందురోజు డాక్టరు నోలా కూతురు లినెట్‌ని వరండాలోకి పిలిచి, రేపో మాపో అన్నట్టుగా చెప్పాడు. ఎల్సీ అప్పుడు కప్పులు ఏరుతోంది కాబట్టి వినపడింది.

నోలాకి ఎనభై దాటాయి. ఒకప్పుడు గుమ్మం పట్టనంత మనిషి. ఊరి హాల్లో పెళ్ళయినా, డాన్సయినా, చావు తర్వాతి టీ అయినా వంటింటి పెత్తనమంతా ఆమెదే. ఆ గొంతు వింటే హాలు బయట కుక్కలు కూడా సర్దుకుని కూచునేవి. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు. పక్షవాతం కొద్దిగా తగిలి మింగడం కష్టమైంది, ఆ పైన గుండె నీరసించింది. టీలో ఒక పొడి కలిపి, గంజిలా చిక్కబరిచి, చెంచాతో తాగించాలి.

"ఇది టీయా, గోడలకి కొట్టే సున్నమా?" అంది నోలా.

"టీనే. తాగు."

"నువ్వు తాగు, తెలుస్తుంది."

ఎల్సీ ఆమె గడ్డం తుడిచింది. సాసరులో అలవాటుగా ఒక అరారూట్ బిస్కెట్టు పెట్టింది. నోలా దాన్ని తినే స్థితిలో లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా బిస్కెట్టు లేని సాసరు ఎల్సీకి నచ్చదు. చెప్పాలనుకున్న మాట గొంతుదాకా వచ్చింది, అక్కడే ఆగింది. "మళ్ళీ వస్తా," అని బండి తిప్పుకుంది. నిన్నా అంతే, మొన్నా అంతే. తన మీద తనకే ఒళ్ళు మండింది.

చెప్పాల్సిన మాట పెద్దదేం కాదు. థాంక్స్ అని. దేనికో చెప్పాలంటే మాత్రం నలభై ఏళ్ళ పైచిలుకు వెనక్కి పోవాలి.

అప్పటికి ఆమె ఎల్సీ కాదు, యెలీత్సా. అడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున రాళ్ళ నేలలో ఆలివ్ చెట్లు పెంచుకునే ఊరినుంచి, ఓడెక్కి మొగుడు ఆంటే దగ్గరికి వచ్చిన కొత్త పెళ్ళికూతురు. ఆంటేకి ఇక్కడి గోధుమ గాదెల దగ్గర పని. ఆమెకి పని లేదు, మాట లేదు, పలకరించే మనిషి లేదు. పొద్దున్నించీ సాయంత్రందాకా రేకుల ఇంట్లో ఈగలతో మాట్లాడేది. ఒకరోజు కొట్టు ఆయన భార్య రొట్టె కడుతూ, ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పింది: "శనివారం హాల్లో డాన్సు. ఫైర్ ఇంజను కొనడానికి చందా. మగవాళ్ళకి టిక్కెట్టు. ఆడవాళ్ళు తలా ఒక ప్లేటు."

ఆమె ఇంటికి పరిగెత్తుకొచ్చి మొగుడికి చెప్పింది. "పాపం, వీళ్ళ దగ్గర ప్లేట్లు లేవట."

"ఈ ఊళ్ళో ఏముంది గనక? మనుషులే లేరు," అన్నాడు ఆంటే.

అమ్మ ఇచ్చిన నీలం అంచు ప్లేటు తీసింది. కడిగింది, తుడిచింది, దీపం దగ్గర పెట్టి మెరుస్తోందో లేదో చూసుకుంది. మంచి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని లారీలో హాలుకి వెళ్ళింది. ఆంటే మగవాళ్ళతో బయట నిలబడిపోయాడు. ఆమె ఒక్కతే లోపలికి అడుగుపెట్టింది. గోడ పొడుగునా బల్ల. బల్ల నిండా ప్లేట్లు. ఒకదాంట్లో క్రీము కేకులు, ఒకదాంట్లో శాండ్‌విచ్‌లు, ఒకదాంట్లో కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకు ముక్కలు. ఆమె వెనకే వచ్చిన ఆడవాళ్ళందరి చేతుల్లోనూ నిండు ప్లేట్లే. గుడ్డ విప్పి ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్న ఆమెకి అప్పుడు అర్థమైంది, ప్లేటంటే తినేదేదో నింపిన ప్లేటని. తల కొట్టేసినట్టయింది. తిరిగి పోదామంటే గుమ్మం నిండా జనం.

బల్ల వెనకనుంచి ఒక భారీ మనిషి వచ్చింది. "ఇటియ్యి తల్లీ," అని చేతిలోంచి ప్లేటు లాక్కుంది. వీపు ఇటు తిప్పి తన ట్రేలోంచి జామూ క్రీమూ పెట్టిన స్కోన్లనే చిన్న బన్నులు టకటకా దాని మీద పేర్చి, బల్ల మధ్యలో పెట్టింది. "కొత్తావిడ తెచ్చిన స్కోన్లు, తినండి!" అని అరిచింది. అంతే. వెనక్కి తిరిగి చూడలేదు, నవ్వలేదు, కన్నుకొట్టనూ లేదు.

హాల్లో గిన్నెలు కడిగేటప్పుడు, ఎవరి ప్లేటు ఎవరికి చేరాలో తెలియడానికి అడుగున ప్లాస్టరు ముక్క అతికించి పేరు రాసేవాళ్ళు. ఆ రాత్రి "నీ పేరేంటి?" అంది ఆ భారీ మనిషి, నోలా. "యెలీత్సా." "ఎల్సీ. బాగుంది," అని రాసేసింది. సోమవారానికల్లా కొట్టు ఆయన భార్య "ఏం ఎల్సీ?" అని పలకరించింది. అప్పట్నించీ ఊరందరికీ ఆమె ఎల్సీ. జీతం చీటీ మీదా ఎల్సీనే.

ఆ సాయంత్రం ఎవరైనా ఒక్కరు నవ్వి ఉంటే ఎల్సీ మళ్ళీ ఆ హాలు గడప తొక్కేది కాదు. తన సంగతి తనకి తెలుసు. రేకుల ఇంట్లో తలుపేసుకుని కూచుని, ఏడాది తిరక్కుండా ఆంటేని పీక్కుతిని వెనక్కి ప్రయాణం కట్టించేది. నవ్వలేదు కాబట్టి ఉండిపోయింది. రహస్యంగా స్కోన్లు నేర్చుకుంది, ఎన్ని పిండి ముద్దలు కోళ్ళకి పోసిందో లెక్కలేదు. తర్వాత్తర్వాత ఊళ్ళో ఏ టీ జరిగినా "ఎల్సీ స్కోన్లు వచ్చాయా?" అని అడిగే స్థితికి వచ్చింది. ఆస్పత్రి వంటింట్లో ఉద్యోగం కూడా ఆ స్కోన్ల పేరు మీదే దొరికింది. పిల్లలు కలగలేదు. ఆంటే పోయి కొన్నేళ్ళయింది. ఆ రెండు దుఃఖాల్లోనూ హాలు ఆడవాళ్ళు ప్లేట్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

నోలా ఆ రోజు మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎల్సీ కూడా ఎత్తలేదు. థాంక్స్ చెప్పాలంటే, ఖాళీ ప్లేటు తెచ్చిన మొద్దుని నేనేనని నోరు విప్పి ఒప్పుకోవాలి. ఈ ఊళ్ళో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మంచి పని చేసినవాళ్ళని ఎదురుగా మెచ్చుకుంటే దొంగతనం బయటపడ్డట్టు కంగారుపడతారు.

పొద్దుటి టీ అయ్యాక ఆ రోజు భోజనాల గదిలో మీటింగు. ఆరోగ్య శాఖవాళ్ళు పంపగా పెద్దూరినుంచి టామ్సిన్ అనే అమ్మాయి వచ్చింది. ఆస్పత్రి పనివాళ్ళకి సంతోషం గురించి చెప్పడానికట. వంటమనిషి మెర్వ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎల్సీ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"సంతోషానికి మీటింగట. ఇక్కడ కూర మాడితే ఎవడిది పూచీ?" అన్నాడు.

టామ్సిన్ సన్నగా ఉంది. ముక్కు మీద ఎండకి తోలు ఊడిపోతోంది. అందరినీ ఒకే ప్రశ్న అడిగింది. మామూలు రోజున మీ సంతోషానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారు?

"జీతం పెంచితే పది," అన్నాడు మెర్వ్. బట్టలుతికే అమ్మాయి ఆరంది. తోటమాలి అడిగినందుకే నొచ్చుకున్నట్టు మొహం పెట్టి ఏడన్నాడు.

"మీరండీ?"

"ఫర్వాలేదు," అంది ఎల్సీ.

"అది అంకె కాదండీ," అంది టామ్సిన్ నవ్వుతూ.

"మా ఊళ్ళో అదే అంకెమ్మా," అన్నాడు మెర్వ్. "దానికి పైదీ లేదు, కిందదీ లేదు."

అందరూ నవ్వారు, టామ్సిన్ కూడా నవ్వింది. ఎల్సీకి ముక్కు ఎర్రబడింది. నిజానికి ఆమె ఎగ్గొట్టడానికి అలా అనలేదు. ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి జవాబు ఎక్కడ వెతకాలో తోచలేదు. 

చివర్లో టామ్సిన్ ఒక పని అప్పగించింది. "మీకు ఎప్పుడో ఎవరో ఒక మేలు చేసుంటారు. మీరు సరిగ్గా థాంక్స్ చెప్పుండరు. వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఫోన్లో కాదు, ఎదురుగా కూచోండి. వాళ్ళేం చేశారో, దానివల్ల మీకేమైందో చెప్పండి. చాలామంది చేత చేయించి చూశారు. చెప్పినవాళ్ళకి కొన్నాళ్ళపాటు మనసు హాయిగా ఉంటోందట."

"అవతలివాళ్ళు తన్ని తగలేస్తే?" అన్నాడు మెర్వ్.

ఎల్సీ చెయ్యెత్తింది. ఆమె మీటింగుల్లో చెయ్యెత్తడం ఎవరూ చూడలేదు. "ఆ మనిషికి ఒంట్లో బాగోకపోతే? మరీ బాగోకపోతే?"

"అయితే ఇవాళే వెళ్ళండి," అంది టామ్సిన్. "మా అమ్మమ్మ విషయంలో నేను ఆదివారం దాకా ఆగాను. ఆదివారానికి ఆవిడ లేదు." ఆ మాట అనేసి మార్కరు పెన్నుకి మూత పెట్టడంలో మునిగిపోయింది. పిల్ల మంచిదేనని ఎల్సీకి అప్పుడనిపించింది.

మధ్యాహ్నం భోజనాల ట్రేలు పంచడం అయ్యాక ఎల్సీ నోలా గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ లాక్కుని కూచుంది. ఇన్నేళ్ళలో ఆమె ఏ గదిలోనూ కూచోలేదు.

నోలా ఒక కన్ను తెరిచింది. "కూచున్నావేంటే? నేను పోయానా?"

"లేదు."

"మరి?"

ఎల్సీ ఏప్రను మడతలు సరిచేసుకుంది. దారి పొడుగునా వల్లించుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "నోలా, అప్పుడు హాల్లో డాన్సు. ఫైర్ ఇంజను కోసం. నేను ఖాళీ ప్లేటు తెచ్చాను."

"ఎవరు?"

"నేను. ప్లేటు తెమ్మంటే ప్లేటే తెచ్చాను. నువ్వు నీ స్కోన్లు దాంట్లో పెట్టి నావన్నావు. ఎవరికీ చెప్పలేదు. నువ్వలా చెయ్యకపోతే నేను ఈ ఊళ్ళో ఉండేదాన్ని కాదు. అందుకని థాంక్స్."

నోలా పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

"గుర్తులేదే," అంది.

"నిజంగానా?"

"ఖాళీ ప్లేట్లు తెచ్చినవాళ్ళు ఒకరా ఇద్దరా! పోస్టాఫీసు పక్క డచ్చావిడ తెచ్చింది. ఆ ఇటలీ అక్కచెల్లెళ్ళు తలా ఒకటి తెచ్చారు, పైగా ఫోర్కులు కూడా. అందుకే నేనెప్పుడూ రెండు ట్రేలు ఎక్కువే కాల్చేదాన్ని." ఊపిరి అందక ఆగింది. మళ్ళీ అంది. "అంటే, ఊరంతా మెచ్చుకున్న నీ స్కోన్లు నావన్నమాట. దొంగమొహందానా."

ఎల్సీ ప్రాణం చివుక్కుమంది. తన బతుకంతా ఏ రోజు మీద నిలబడిందో ఆ రోజు ఈ మనిషికి గుర్తే లేదు. ఇన్నేళ్ళు మోసిన బరువు తెచ్చి ముందు పెడితే, ఇలాంటివి మా ఇంట్లో చాలా ఉన్నాయన్నట్టు పక్కకి తోసేసింది.

"థాంక్స్ మాత్రం థాంక్సే," అంది మొండిగా.

"సర్లే, సర్లే." నోలా మొహం కిటికీ వైపు తిప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. అటే చూస్తూ, "ఆ ప్లేటు ఉందా ఇంకా?" అంది.

"ఉంది."

"తీసుకురా. చూస్తా."

ఎల్సీ ఇల్లు ఆస్పత్రికి రెండు వీధుల అవతల. ఎండ దంచుతోంది. గోధుమ లారీలు ఒకదాని వెనక ఒకటి గాదెలవైపు పోతున్నాయి, గాలి నిండా పొట్టు. పగిలిపోతుందన్న భయంతో ఆ ప్లేటుని మళ్ళీ హాలుకి తీసుకెళ్ళలేదు. అలమర పై అరలో, గుడ్డలో చుట్టి అలాగే ఉంది. కుర్చీ ఎక్కి తీసి, బల్ల మీద పెట్టుకుని దాని ఎదురుగా కూచుంది. అడుగున ప్లాస్టరు పసుపుపచ్చగా మారి అంచుల్లో చిట్లింది. అక్షరాలు ఇంకా ఉన్నాయి.

కూచుంటే డచ్చావిడ గుర్తొచ్చింది. ఎప్పుడూ మెడ నిటారుగా పెట్టుకుని, హాలుకి క్రీము పఫ్‌లు మోసుకొచ్చేది. ఎల్సీ ఆవిడ పక్కన ముప్ఫై ఏళ్ళు గిన్నెలు తుడిచింది. ఆవిడ ముందు తన మొద్దుతనం ఎక్కడ బయటపడుతుందో అని ఎన్నిసార్లు బెదిరిందో! ఆవిడా అదే బెదురుతో పక్కన నిలబడి తుడిచిందన్నమాట. ఇద్దరూ ఒకే రహస్యాన్ని చెరో గుడ్డతో తుడుచుకుంటూ గడిపేశారు. ఎల్సీకి నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. ఖాళీ వంటింట్లో ఒక్కతే కూచుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక చూసుకుంటే చివుక్కుమన్న చోటు నొప్పి లేదు. నోలాకి గుర్తులేకపోవడమే నయం. గుర్తుపెట్టుకుని ఉంటే అది జాలి. గుర్తులేదంటే అది ఆవిడ గుణం, అంతే.

దారిలో బేకరీ దగ్గర ఆగి, నోలాకి ఇష్టమని లామింగ్టన్లు కొని ప్లేటు నిండా పేర్చించుకుంది. మింగడం ఆమె వల్ల కాదని తెలుసు. చూస్తుంది కదా అనుకుంది. ఈసారి నిండు ప్లేటుతో గుమ్మంలోకి అడుగుపెట్టబోతున్నానని లోపల కాస్త గర్వపడింది కూడా.

వార్డు వరండాలో లినెట్ తన ఇద్దరు కొడుకులతో బెంచీ మీద కూచుని ఉంది. కొడుకులు ఇద్దరూ గడ్డాల మగవాళ్ళు. అమ్మ కబురు చేస్తే కోత యంత్రాలు చేలోనే ఆపేసి వచ్చారు. చొక్కాల నిండా పొట్టు, కనురెప్పల మీద కూడా దుమ్ము.

"తిన్నారా?" అంది ఎల్సీ.

"పొద్దున ఏదో తాగాం," అన్నాడు పెద్దవాడు.

ఎల్సీ ప్లేటు మీద గుడ్డ తీసింది. మొహమాటపడుతూ ఒక్కొక్కటి తీసుకున్నారు. మరొకటి తీసుకోమంటే తీసుకున్నారు. కడుపు ఆకలి మీద ఉంటే మొహమాటం ఎంతసేపని?

"అమ్మకి ఒకటి ఉంచొద్దూ?" అంది లినెట్ నోటి నిండా కొబ్బరి పొడితో.

"మింగలేదుగా. తిను తల్లీ."

"మంచిదానివి ఎల్సీ. మేమలా వంటింట్లోకెళ్ళి ఓ కప్పు టీ తాగొస్తాం. నువ్వు కాసేపు అమ్మ దగ్గరుంటావా?"

ఎల్సీ వంటింట్లోంచి సాయంత్రపు టీ బండి తోసుకొచ్చింది. ఎప్పుడూ ముందు గదులనుంచి మొదలుపెట్టేది, ఇవాళ చివరి గదినుంచి మొదలుపెట్టింది. కప్పులో పొడి కలిపింది, సాసరులో బిస్కెట్టు పెట్టింది. ప్లేటు చేతిలోకి తీసుకున్నాక గాని చూసుకోలేదు. గుమ్మంలో ఆగిపోయింది. చేతిలో ఖాళీ ప్లేటు. అడుగున కొబ్బరి పొడి రవ్వలు తప్ప ఏమీ లేవు. ఏప్రనుతో ఆ రవ్వలు కూడా తుడిచేసి లోపలికి వెళ్ళింది.

నోలా మొహం మైనంలా ఉంది. ఊపిరికి ఊపిరికి మధ్య ఎడం పెరిగింది. కళ్ళు మాత్రం ప్లేటు మీదికే వచ్చాయి.

"అదేనా?"

ఎల్సీ దాన్ని బోర్లించి పట్టుకుంది. నోలా వేలితో ప్లాస్టరు తడిమింది. "కనపడట్లేదు. ఏం రాసుంది?"

"ఎల్సీ."

"నా రాతేనా?"

"నీదే."

"మీ ఆయన నిన్నేమని పిలిచేవాడు? చర్చిలో ఫాదరు ఏదో అన్నాడు, ఆయన పోయినప్పుడు."

"యెలీత్సా."

"యె... లీ..." నోలా దగ్గింది. "అబ్బ, నా వల్ల కాదు. ఎల్సీయే నయం."

"నాకూ అదే నయం," అంది ఎల్సీ. అది మాటవరసకి అన్నది కాదు. 

ప్లేటుని తిరగేసి దుప్పటి మీద పెట్టింది. టీ చెంచా నోటికందిస్తే నోలా వద్దన్నట్టు తల తిప్పింది. ప్లేటు వంక చూస్తోంది.

"ఖాళీది తెచ్చావేంటే?"

"నిండుగానే తెచ్చాను. మీవాళ్ళు తినేశారు."

"తినే ఉంటారు." నోలా చెయ్యి దుప్పటి మీద కదిలింది. సాసరుదాకా పోవడానికి చాలాసేపు పట్టింది. ఎల్సీ సాయం చెయ్యబోయి ఆగింది. నోలా రెండు వేళ్ళతో బిస్కెట్టు పట్టుకుని తెచ్చి, దాన్ని ప్లేటు మధ్యలో పెట్టింది.

"ఇంద. ఎవరైనా అడిగితే నువ్వే తెచ్చావని చెప్తాలే."

ఎల్సీకి ఆ రోజు గుమ్మం, బల్ల, గుడ్డ, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకి వచ్చాయి. ఏడవలేదు. ఏడిస్తే నోలా తిడుతుంది. మాట కోసం వెతుక్కుని పొద్దుటి మీటింగు సంగతి చెప్పింది. సంతోషానికి పదికి ఎంత అని అడిగారనీ, తను ఫర్వాలేదని అన్నాననీ.

"ఇప్పుడడిగితే?"

ఎల్సీ నిజంగానే ఆలోచించింది. ఈసారి జవాబు ఎక్కడుందో తెలిసింది.

"ఎనిమిది."

"మిగతా రెండూ ఏమయ్యాయే?"

"నువ్వు పోతున్నావుగా."

నోలా పెదవులు ఒక పక్కకే వంకరపోయాయి. పక్షవాతం వచ్చాక నవ్వితే అలాగే ఉంటుంది. "నేను పోతే తగ్గేది రెండేనా? ఒళ్ళు మండిపోతోంది."

ఎల్సీ ఆమె చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఇన్నేళ్ళ స్నేహంలో ఇద్దరూ అలా చేతులు పట్టుకున్నది లేదు. నోలా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇక పో. అవతలివాళ్ళ టీ చల్లారిపోతోంది. నన్ను తిట్టుకుంటారు."

ఎల్సీ ప్లేటుని బిస్కెట్టుతో సహా మంచం పక్క బల్ల మీద పెట్టి, బండి తోసుకుంటూ వెళ్ళింది. కట్లర్ గారికి టీ పోస్తూ, షుగరు జబ్బున్న ఆయనకి చక్కెర వేసేసింది. నాలుక కరుచుకుని ఆ టీ పారబోసి మళ్ళీ కలిపింది. "ఎలా ఉన్నారు?" అంటే, "ఫర్వాలేదు," అన్నాడాయన. ముందు గదులన్నీ చుట్టి, ఖాళీ కప్పులు ఏరుకుంటూ వరండా చివరికి వచ్చేసరికి ఎండ గాదెల వెనక్కి దిగింది. నోలా గదిలో కిటికీ తెరిచి ఉంది. నర్సు గెయిల్ మంచం పక్కన నిలబడి దుప్పటి అంచు సర్దుతోంది. లినెట్ నుదురు అమ్మ భుజం మీద ఆనించి ఉంది. కొడుకులు టోపీలు చేతుల్లో పట్టుకుని గోడకి ఆనుకున్నారు.

"ఇందాకే," అంది గెయిల్. "మేం వచ్చేసరికి నిద్రపోతోందనుకున్నాం."

ఎల్సీ తల ఊపింది. లినెట్ దగ్గరికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత టీ కప్పు, సాసరు, చెంచా తీసి బండిలో పెట్టింది. చిక్కటి టీ ముట్టుకోనట్టే ఉంది.

"నువ్వెలా ఉన్నావ్ ఎల్సీ?" అంది గెయిల్ మెల్లగా.

"బాగోలేదు," అంది ఎల్సీ. గెయిల్ తలెత్తి చూసింది. "రేపటికి ఫర్వాలేదు."

గెయిల్ పక్క బల్ల మీద మందు సీసాలు సర్దుతూ, వాటి మధ్య ఉన్న ప్లేటుని చేతిలోకి తీసుకుంది. "ఈ ప్లేటు వంటింటిదేనా? తీసుకెళ్తావా?"

"ఉండనియ్యి. పలకరించడానికి ఊరంతా వస్తారు. బల్ల ఖాళీగా ఉంటే ఆవిడకి నచ్చదు."

గెయిల్ దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఎల్సీ ఎడమ తుంటిని బండికి ఆనించి వరండాలోకి తోసుకుపోయింది. చక్రం గోడవైపు లాగుతున్న చప్పుడు కాసేపు వినపడి ఆగిపోయింది. గదిలో మంచం పక్క బల్ల మీద నీలం అంచు ప్లేటు, దాని మధ్యలో ఒక్క అరారూట్ బిస్కెట్టు ఉన్నాయి.